చూసినందుకు ఎంత?

మా తాతయ్య గల్లాపెట్టెను మొదటిసారి చూసినప్పుడు వడ్రంగి ఆచారి గారు దాన్ని తాకలేదు. చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగి, "చూడాలంటే 500 అవుతుందమ్మా" అన్నారు.

బాగు చేయడానికి కాదు, చూడటానికి.

నేను చీరాలలో బట్టల కొట్టు నడిపిన ఇంటి మనవరాలిని. బేరమాడటం మాకు ఉగ్గుపాలతోనే వచ్చింది. ఇరవై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా లేచిపోయే వాళ్లకు కూడా మజ్జిగ ఇచ్చి పంపిన మనిషి మా తాతయ్య. చూడటానికి డబ్బు అడిగే వ్యాపారం ఆయన ఊహకు కూడా అందదు. అందుకే నాకు చురుక్కుమంది. "చూడటానికే 500 అయితే చేయడానికి ఎంత?" అన్నాను. "అది చూశాక కదమ్మా తెలిసేది" అన్నారు ఆయన. దానికి ఎదురు చెప్పడానికి ఏమీ తోచక పర్సు తీశాను.

ఇది జరిగి ఏడాది దాటింది. బెంగళూరులో మంచి వడ్రంగులు దొరకడం లేదని నాలాంటి వాళ్లం తరచూ వాపోతాం. చేతిపనులు అంతరించిపోతున్నాయని నిట్టూరుస్తాం. ఆ నిట్టూర్పుల్లో నాకు ఇప్పుడు ఒక అబద్ధం వినిపిస్తోంది. చెక్కకు డబ్బు ఇస్తాం, మెరుపుకు ఇస్తాం, ఇత్తడి పిడికి ఇస్తాం. ఆ పని తెలిసినవాడు నిలబడి ఆలోచించిన గంటకు మాత్రం పైసా ఇవ్వం. పాత వస్తువుల మరమ్మతులో అసలు పని ఆ గంటలోనే జరుగుతుంది.

ఈ సంగతి నాకు ఒక కుర్చీ పోగొట్టుకున్నాక తెలిసింది కాబట్టి ముందు ఆ కుర్చీ గురించి చెప్పాలి.

అది మా నాయనమ్మ పడక కుర్చీ. టేకు కర్ర, వీపుకూ కూర్చునే చోటుకూ బెత్తం అల్లిక. నాయనమ్మ మధ్యాహ్నాలు అందులో వాలి, కుడి చేతి బొటనవేలితో కుర్చీ చేతికర్ర మీద అదే పనిగా రాస్తూ ఉండేది. యాభై ఏళ్ల ఆ రాపిడికి అక్కడ చిన్న పల్లం పడింది, చింతగింజ పట్టేంత. నేను చిన్నప్పుడు ఆ పల్లంలో వేలు పెట్టి కూర్చునేదాన్ని. అల్లిక తెగిపోయాక నాలుగేళ్ల క్రితం ఇక్కడ ఒక దుకాణంలో ఇచ్చాను. దుకాణం పేరు అనవసరం, ఎందుకంటే వాళ్లు నేను అడిగిందే చేశారు. "కొత్తదానిలా చేసి ఇవ్వండి" అన్నాను. చేసి ఇచ్చారు. కరెంటుతో తిరిగే గరుకు యంత్రంతో పై పొరంతా గీకేశారు. పల్లం పోయింది. పైన గాజులాంటి పూత వచ్చింది. చేత్తో అల్లిన బెత్తం స్థానంలో యంత్రం మీద నేసిన జాలిని చాప ముక్కలా కోసి, అంచుల్లో గాడి తీసి, బంకతో బిగించారు. మూడు రోజుల్లో పని పూర్తయింది. ధర కూడా చవకే.

ఇప్పుడు ఆ కుర్చీ మా బాల్కనీలో ఉంది. ఎవరూ కూర్చోరు.

చేత్తో బెత్తం అల్లాలంటే చట్రం చుట్టూ ఉన్న రంధ్రాల్లోంచి నీళ్లలో నానబెట్టిన సన్నని బద్దలను నిలువుగా, అడ్డంగా, ఆపైన రెండు ఐమూలలుగా వరుసలు వరుసలుగా లాగాలి. చివరికి ఎనిమిది పలకల చిన్న చిన్న కిటికీలు తేలతాయి. మన దేశంలో ప్రభుత్వ కార్యాలయాల కుర్చీలకు ఈ అల్లిక వేసే పని దశాబ్దాల పాటు చూపులేని వారికి ఉపాధిగా ఉండేది. వేలి కొసలతో చదివే పని అది. తర్వాత ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి, ఆ కొలువులూ తగ్గిపోయాయి. తెగిన ఒక్క బద్దను మార్చడం చేతి అల్లికలో సాధ్యం. యంత్రపు జాలిలో ఒక చోట తెగితే మొత్తం పీకెయ్యాలి. ఈ తేడా నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. కానీ చెప్పడానికి ఎవరికైనా నేను సమయం ఇచ్చానా? ఫోనులో ఫోటో పంపి, "ఎంత?" అని అడిగాను. అటు నుంచి అంకె వచ్చింది. సరే అన్నాను.

గల్లాపెట్టె విషయంలో మళ్లీ అదే చేస్తానేమోనని భయపడి, తెలిసినవాళ్లను అడిగి ఆచారి గారి దగ్గరకు వెళ్లాను. మైసూరు రోడ్డు పక్కన టింబర్ యార్డ్ లేఅవుట్ లోపలి సందులో రేకుల షెడ్డు ఆయనది. మదనపల్లె వైపు నుంచి వాళ్ల తాతల కాలంలో వచ్చారట. తెలుగే మాట్లాడతారు గానీ చెక్కను మాత్రం కన్నడంలో 'మర' అంటారు. గోడకు వరుసగా ఉలులు, రంపాలు, చెక్కను నున్నగా గీసే చిన్నా పెద్దా చిత్రికలు వేలాడుతూ ఉంటాయి. మూల ఒక కోత యంత్రం కూడా ఉంది. యంత్రాన్ని ముట్టని ఋషి అని మీరు ఊహించుకోకుండా ముందే చెబుతున్నాను.

పెట్టె గురించి కూడా చెప్పాలి కదా. కొట్టులో పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చునే వ్యాపారి ముందు పెట్టుకునే రకం. మూత ఏటవాలుగా ఉంటుంది, దాని మీదే పద్దులు రాసుకోవచ్చు. మూలలకు ఇత్తడి రేకులు. మూత ఎత్తితే పై అరలో నాణేల కోసం గిన్నెల్లా తొలిచిన గుంటలు. ఒక్కో నాణానికి ఒక్కో కొలత. అణాకు వేరు, బేడకు (రెండణాలకు) వేరు, అర్ధరూపాయికి వేరు. కింద మూడు సొరుగులు. నడి సొరుగే పెద్దది. మూత లోపలి వైపు తాతయ్య చేతిరాతలో, సిరాతో ఒక వరుస ఉంది: అణా 6, బేడ 12, మూడణాలు 19, పావలా 25. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చినప్పుడు రాసుకున్న లెక్క. అప్పటి దాకా రూపాయికి 16 అణాలు, ఆ రోజు నుంచి 100 నయా పైసలు. అణా అంటే ఆరుంబావు పైసలు. ఆ పావు పైసా నాణెం లేదు కాబట్టి మూడణాల దగ్గరకు వచ్చేసరికి 18 కాకుండా 19 అయింది. కొనేవాడితో గొడవ రాకుండా తాతయ్య దాన్ని కళ్లెదురుగా రాసి పెట్టుకున్నాడు. మూత ఎత్తిన ప్రతిసారీ అది నాకు ఆయన గొంతులా వినిపిస్తుంది.

నవంబరులో చీరాల నుంచి పెట్టె తెచ్చాను. ఫిబ్రవరి నెలాఖరులో ఒక రాత్రి మూత 'టప్'మని చప్పుడు చేసింది. పొద్దున చూస్తే పాత నెర్రె రెండింతలైంది.

ఆచారి గారు నా 500 తీసుకుని మళ్లీ పెట్టె దగ్గరకు వచ్చి, ముప్పావు గంట చూశారు. ముందుగా కిటికీ దగ్గర వెలుతురు పక్కవాటుగా పడేలా పెట్టారు. సొరుగులు తీసి వెనక్కి తిప్పి, బయటకు కనిపించని చెక్కను చూశారు. పాతవాళ్లు లోపలి వైపు అబద్ధం ఆడరట. నల్ల కాగితం పరిచి పెట్టెను మెల్లగా తట్టారు. సన్నని పొడి రాలింది, జల్లించిన శనగపిండిలా. "పుచ్చు పురుగు. చెదలైతే గసగసాల్లా గింజలు రాలేవి" అన్నారు. అడుగు పలక అంచును గోటితో నొక్కితే గోరు దిగింది. ఆ పలక ఒక్కటే తెల్ల చెక్క, చెట్టు నడుమ ఉండే గట్టి చేవ లేనిది. పురుగుకు కావలసిన పిండిపదార్థం అందులోనే ఉంటుంది కాబట్టి చేవ జోలికి పోకుండా దాన్నే తిన్నది. దూది కొసను స్పిరిట్‌లో ముంచి, కనిపించని మూలలో ఆనించి చూశారు. పూత మెత్తబడి దూదికి ఎర్రగా అంటింది. లక్క పాలిష్ అని తేలింది. ఆఖరున మూత ఎత్తి, ఆ అంకెలు చదివి, "ఎవరి రాత?" అని అడిగారు.

చెప్పాను.

అప్పుడు లెక్క చెప్పడం మొదలుపెట్టారు, చేయబోయే పనులు కాదు, చేయకూడనివి. మూత లోపల గీకకూడదు. తడి తగలనివ్వకూడదు, స్పిరిట్ అంతకన్నా వద్దు, సిరా పాకుతుంది. పూత వేయకూడదు. ఇత్తడిని బంగారంలా తోమకూడదు. నాణేల గుంటల్లో పట్టిన నలుపు వేళ్ల నలుపు, దాన్ని అలాగే ఉంచాలి. ఇవన్నీ పోగా మిగిలిన పని రెండే: మూత, అడుగు పలక.

ఏసీ బాగు చేసే కుర్రాడు ఇంటికి వచ్చి మూత తెరిచి "గ్యాస్ అయిపోయింది" అంటే చాలు, వచ్చినందుకు డబ్బు ఇచ్చి పంపుతాం. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. యంత్రం లోపల ఏముందో మనకు తెలియదు కాబట్టి తెలిసినవాడికి విలువ ఇస్తాం. చెక్క విషయంలో మనకు తెలియనిది ఏమీ లేదని మన ధీమా. కర్రే కదా, మేకు కొడితే సరి. ఆ మూతకు ఎవరో సరిగ్గా అదే చేశారు.

మూత రెండు పలకలు కలిపి చేసింది. వాటిని కలిపి ఉంచడానికి లోపల రెండు చివరలా అడ్డపట్టీలు. ఎప్పుడో, బహుశా తాతయ్య పోయాక, పట్టీలు వదులయ్యాయని ఎవరో ఆరు ఇనుప మేకులు గట్టిగా దించారు. చెక్క చెట్టుగా ఉన్నప్పుడు ఎంత బతికి ఉంటుందో బల్ల అయ్యాక కూడా అంతే కదులుతుంది. గాలిలో తేమ ఉంటే వెడల్పులో ఉబ్బుతుంది, ఎండితే వెడల్పులో కుంచించుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు కదలదు. ఇప్పుడు మూత పలకలేమో వెడల్పులో కుంచించుకుంటున్నాయి. పట్టీలు అదే దిక్కుకు పొడవుగా ఉన్నాయి కాబట్టి అవి కదలవు. మధ్యలో మేకులు రెండింటినీ కట్టిపడేశాయి. ఇంకేం చేస్తుంది, చీలుతుంది. సముద్రపు గాలి తగిలే చీరాలలో డెబ్బై ఏళ్లు ఉన్న పెట్టెను 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరుకు తెచ్చి, ఫిబ్రవరి పొడిగాలిలో పెట్టింది నేను. అడుగు వెడల్పు ఉన్న టేకు పలక ఇలాంటి మార్పుకు ఒక నూలు దాకా తగ్గగలదట. నూలు అంటే వడ్రంగుల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ నూలుకు చోటు ఇవ్వకపోతే చెక్క తానే చోటు చేసుకుంటుంది.

ఆచారి గారు మేకులు తీశారు. ఒక్కో మేకు చుట్టూ టేకు నల్లబడి ఉంది, ఇనుము తుప్పుకు. మేకుల జాగాలో వెదురు సీలలు వేశారు. నడిమి సీల ఒక్కటే బిగువు, పక్క సీలలకు రంధ్రాలు కొంచెం కోలగా, చెక్క అటూ ఇటూ జరగడానికి వీలుగా. పలకల మధ్య నెర్రెను అతికించడానికి వజ్రం కాచారు. వజ్రం అంటే రత్నం అనుకునేరు. పశువుల తోలూ ఎముకలూ కాచి తీసే పాతకాలపు బంకను వడ్రంగులు అలాగే పిలుస్తారు. వాసన భరించలేం. "ఇప్పుడు డబ్బాల్లో మంచి బంకలు వస్తున్నాయి కదా, ఇది ఎందుకు?" అని అడిగాను. వచ్చిన జవాబును నేను అప్పటి నుంచి చాలామందికి అప్పజెప్పాను. "డబ్బా బంక దీనికన్నా గట్టిదేనమ్మా. కానీ రేపు ఇంకొకడు దీన్ని విప్పాలంటే వేడినీళ్ల ఆవిరి పెడితే ఊడి రావాలి. గట్టి బంక వేస్తే వాడు చెక్కనే విరగ్గొట్టాలి."

లక్క పాలిష్ సంగతీ ఇంతే. లక్క పురుగు కొమ్మల మీద చేసే గూడు నుంచి వస్తుంది అది. మన దేశంలో ఎక్కువగా ఝార్ఖండ్ నుంచే. స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పలచగా, ఓపికగా, పొర మీద పొర రుద్దాలి. గీత పడితే ఆ గీత దగ్గరే మళ్లీ స్పిరిట్ తాకించి కలిపేయవచ్చు. ముసురు రోజుల్లో వేస్తే తెల్లగా పొగమంచు పట్టినట్టు అవుతుంది కాబట్టి ఎండ కోసం ఆగాలి. వేడి గ్లాసు పెడితే మచ్చ పడుతుంది. ఈ లోపాలన్నీ నిజమే. మా బాల్కనీ కుర్చీ మీది గాజు పూతకు అవేవీ లేవు. దాని మీద వేడి గిన్నె పెట్టినా ఏమీ కాదు. కానీ ఒక చోట పెచ్చు లేస్తే అక్కడ మాత్రమే అతకడం కుదరదు, మొత్తం గీకి మళ్లీ మొదటికి రావాలి. గీకిన ప్రతిసారీ కుర్చీ కొంచెం కొంచెం అరిగిపోతుంది.

ఒక వస్తువును బాగు చేయవచ్చా లేదా అన్నది అది విరిగిన రోజున కాదు, తయారైన రోజునే తేలిపోతుంది.

అడుగు పలక కోసం ఆయన పాత టేకు వాడారు. 1898 ప్లేగు తర్వాత పెరిగిన మల్లేశ్వరం, బసవనగుడి లాంటి పేటల్లో పాత ఇళ్లు కూలుతున్నప్పుడు ద్వారబంధాలు, దూలాలు, కిటికీ చట్రాలు పాత సామాను వాళ్ల చేతికి వస్తాయి. మేకు రంధ్రాలతో, సున్నం మరకలతో ఉండే ఆ కర్రను చూసి నేను మొహం చిట్లించాను. ఆయన ఒక మూల చిత్రిక పట్టి చూపించారు. లోపల తేనె రంగు, ఆ టేకు నూనె వాసన. అంత దగ్గర దగ్గర గీతలున్న చేవ ఇప్పుడు కొత్తగా దొరకడం కష్టం. అడవుల్లో నరకడం మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో కట్టడి పెట్టింది. బర్మా టేకు దుంగలు రావడం 2014 ఏప్రిల్ నుంచి ఆగిపోయింది, ముడి దుంగల ఎగుమతిని ఆ దేశమే నిషేధించింది. రోజ్‌వుడ్ జాతి మొత్తం 2017 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. ఇప్పుడు మార్కెట్లో ఉన్నది చాలావరకు ఆఫ్రికా నుంచో, లాటిన్ అమెరికా తోటల నుంచో వచ్చే కుర్ర టేకు. దాన్ని తప్పు పట్టను, అడవి మిగలాలి కదా. నేను చెప్పేది ఒకటే: మీ అటక మీద కోడు విరిగి పడి ఉన్న పట్టెమంచంలో ఇప్పుడు మీరు కొనలేని కర్ర ఉండి ఉండవచ్చు. తాత ముత్తాతల మీద ప్రేమ లేకపోయినా ఫరవాలేదు, లెక్క వేసుకున్నా చాలు.

అలాగని పాతదంతా టేకు కాదు. రంగు పూసి టేకని అమ్మడం ఈ నాటిది కాదు. మల్లేశ్వరం 18వ క్రాస్‌లో కలప శాస్త్ర సాంకేతిక సంస్థ ఉంది. చెక్క ముక్కను సూక్ష్మదర్శిని కింద పరీక్షించి ఏ జాతిదో చెప్పగలిగిన వాళ్లు అక్కడ ఉంటారు. ఇంత పెద్ద ఊళ్లో లక్షలు పోసి టేకు తలుపులు కొనే వాళ్లలో ఎంతమందికి ఆ గేటు తెలుసు? అదీ చూడటానికి డబ్బు ఇవ్వని అలవాటే.

పెట్టె పని జరుగుతుండగా ఆయన చేత ఒక కుర్చీ కూడా చేయించాను. మా అమ్మ కోసం. మా అమ్మ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు, వయసు 76. బజారులో ఏ కుర్చీ తెచ్చినా ఆవిడ పాదాలు నేలకు ఆనవు. కుర్చీల ఎత్తు ఎక్కడ చూసినా దాదాపు 18 అంగుళాలు. ఆ కొలత ఎవరి మోకాలిని చూసి పెట్టారో గానీ మా అమ్మ మోకాలిని మాత్రం కాదు. ఇన్నేళ్లూ కాళ్ల కింద పీట వేసుకుని కూర్చుంది. లేవాలంటే పీట జరిపి లేవాలి. ఒకసారి ఆ పీట తగిలే పడింది.

ఆచారి గారు ఫోటో అడగలేదు. అమ్మను తీసుకురమ్మన్నారు. షెడ్డులో ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, పాదాల కింద పలకలు ఒక్కొక్కటిగా పెట్టి తొడ నేలకు సమంగా వచ్చేదాకా చూసి కొలిచారు. "లేవండమ్మా" అన్నారు. అమ్మ లేచింది. "మళ్లీ కూర్చోండి." ఆమె కుడి చేయి ముందు ఆనించి లేస్తుందని, ఎడమ చేతిలో బలం లేదని ఆ నాలుగైదు సార్లలో కనిపెట్టారు. పదిహేనున్నర అంగుళాల ఎత్తు, కుడి చేతికర్ర ఎడమదానికన్నా రెండు అంగుళాలు ముందుకు. చూడటానికి ఆ కుర్చీ కొంచెం వంకరగా ఉంటుంది. ఇంటికి వచ్చిన వాళ్లు "తేడా వచ్చినట్టుంది" అని జాలిపడతారు. అమ్మ మాత్రం అందులోంచి ఎవరి చేయీ పట్టుకోకుండా లేస్తుంది.

మనకు నచ్చినట్టు చేయించుకోవడం అంటే ఇప్పుడు అర్థం మారిపోయింది. విదేశీ పత్రికలోంచో ఫోనులోంచో ఒక బొమ్మ చూపించి "అచ్చం ఇలాగే" అంటున్నాం. అలా అన్నప్పుడు వడ్రంగిని నకలు తీసే యంత్రం చేస్తున్నాం. ఆ పని యంత్రం అతనికన్నా బాగా, చవగ్గా చేస్తుంది. ఇంకా పెద్ద దెబ్బ చదరపు అడుగు ధర. ఈ ఊళ్లో ఇంటి లోపలి చెక్కపనికి ఎవరిని పిలిచినా చదరపు అడుగుకు ఇంత అని చెబుతారు, మనమూ అదే అడుగుతాం. విస్తీర్ణానికి ధర కట్టినప్పుడు ఆలోచనకు ధర సున్నా. ఆగి ఆలోచించేవాడికి ప్రతి నిమిషమూ నష్టమే. మా అమ్మను ఐదుసార్లు లేపి కూర్చోబెట్టిన అరగంట ఎన్ని చదరపు అడుగులు?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మా అమ్మాయి పుస్తకాల అర నాగసంద్రలో 2022లో తెరిచిన ఆ పెద్ద స్వీడన్ దుకాణం నుంచి తెచ్చిందే. పెట్టె విప్పి, బొమ్మలు చూస్తూ ఇద్దరం గంటలో బిగించాం. నాకు దాని మీద కోపం లేదు, అది తానేమిటో దాచుకోదు. వంటింట్లో నీళ్ల తొట్టి కింద టేకు పెట్టించాలని నేను అనను. అక్కడ నీటిని తట్టుకునే 710 రకం ప్లైవుడ్డే మంచిదని ఆచారి గారే చెప్పారు. ప్రతి వస్తువూ మూడు తరాలు బతకనక్కర్లేదు. బతకాల్సినవాటిని, బతకనక్కర్లేనివాటిని ఒకే అంకెతో కొలవడమే నాకు నచ్చనిది.

అలాగే ఆయన్ని దేవుణ్ని చేయడమూ నాకు ఇష్టం లేదు. మూడు వారాలన్న పెట్టె తొమ్మిది వారాలకు వచ్చింది. "వచ్చే సోమవారం" అన్న మాట ఎన్ని సోమవారాలు విన్నానో లెక్క లేదు. ఒకసారి ఫోను ఎత్తకపోతే నేరుగా వెళ్లాను. తీరా చూస్తే నా పెట్టె మీద టీ గ్లాసు పెట్టి, ఇంకెవరిదో తలుపు చేస్తున్నారు. గట్టిగానే అరిచాను. ఆయన గ్లాసు తీసి, కింద గుండ్రంగా పడిన మచ్చ చూసి, "ఇంకా ఆఖరి పొర వేయలేదు కదమ్మా" అన్నారు. నిజమే, ఆ మచ్చ ఇప్పుడు లేదు. కోపం మాత్రం కొంచెం ఉంది.

ఆయన కొడుకు ఇంజనీరింగ్ చదివి ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాడు. "విద్య పోతోంది కదండీ" అని నేను అన్నప్పుడు ఆయన నవ్వారు. "మీ తాతగారి కొట్టు ఎవరు చూస్తున్నారమ్మా?" అన్నారు. ఎవరూ చూడటం లేదు. మా ఇంట్లో ముగ్గురం మనవలం, ముగ్గురం నెల జీతాలకు పోయాం. మనం వదిలేసిన కులవృత్తిని ఎదుటివాడి కొడుకు పట్టుకుని ఉండాలని కోరుకోవడానికి మనకు ఏం హక్కు? ఆయన దగ్గర ఇప్పుడు పని నేర్చుకుంటున్నది సహారన్‌పూర్ నుంచి వచ్చిన కుర్రాడు. ఆ ఊరు కొయ్య చెక్కడాలకు పెట్టింది పేరు. వాడికి తెలుగు రాదు, ఆయనకు హిందీ అంతంతమాత్రం. ఉలి పట్టుకునే కోణం గురించి ఇద్దరూ సైగలతో కొట్టుకుంటూ ఉంటారు. విద్య రక్తంలో నుంచి రాదనడానికి ఆ షెడ్డు కన్నా సాక్ష్యం అక్కర్లేదు. దాన్ని నేర్చుకునే రోజుల్లో కడుపు నిండాలి, అంతే.

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి, వాటిలో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ రోజులకు 500 చొప్పున భృతి, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. మంచిదే. కొత్త చిత్రిక కొనుక్కోవచ్చు. కానీ ఆ చిత్రిక ఎప్పుడు పట్టకూడదో తెలుసుకున్నవాడికి ఆ తెలివి మీద నాలుగు డబ్బులు రావాలంటే ప్రభుత్వం ఏమీ చేయలేదు. అది గుమ్మం దగ్గర నిలబడి బేరమాడే నాలాంటి వాళ్ల చేతిలో ఉంది.

మే నెలలో పెట్టె ఇంటికి వచ్చింది. బిల్లు ఒక అట్టముక్క మీద పెన్సిలుతో రాసి ఇచ్చారు: పాత టేకు, ఇత్తడి మరలు, లక్క, స్పిరిట్, తొమ్మిది రోజుల కూలి. చివర 'చూసినది 500' అని రాసి, నేను ముందే ఇచ్చాను కాబట్టి కొట్టేశారు. నేను బేరమాడలేదు. అది మంచితనం అనుకోకండి, ఎక్కడ తగ్గించమనాలో తెలియలేదు.

జూలైలో వానలు పట్టాయి. ఒక ఆదివారం నడి సొరుగు లాగితే రాలేదు. అందులో స్కూటర్ రెండో తాళంచెవి ఉంది. మా వారు స్క్రూడ్రైవర్ తెచ్చారు. నేను అడ్డం పడి ఆచారి గారికి ఫోను చేశాను. వచ్చి కొంచెం చిత్రిక పట్టి వెళ్లమన్నాను. "రాను" అన్నారు. "ఇప్పుడు గీకితే ఎండాకాలంలో గలగలలాడుతుంది. శివరాత్రి దాటనివ్వండి, అదే వస్తుంది." ఏడు నెలలు! విసుగొచ్చి చీరాలలో అన్నయ్యకు ఫోను చేసి నా గోడు చెప్పుకున్నాను. అన్నయ్య పెద్దగా నవ్వాడు. "ఆ సొరుగా? అది వానాకాలంలో ఎప్పుడు తెరుచుకుంది గనక? తాతయ్య శ్రావణం నుంచి సంక్రాంతి దాకా చిల్లరంతా పైన గుంటల్లోనే పెట్టుకునేవాడు. నీకు తెలియదూ?"

నాకు తెలియదు. వేసవి సెలవులకు మాత్రమే వెళ్లేదాన్ని కదా.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయింది. ఆ తర్వాత పది రోజులకు, దుమ్ము తుడుస్తూ అలవాటుగా పిడి పట్టుకుంటే సొరుగు వేలితో లాగినంత తేలిగ్గా బయటకు వచ్చింది. తాళంచెవి అక్కడే ఉంది. ఆచారి గారికి ఫోను చేసి చెప్పాను. "చెప్పాను కదమ్మా" అన్నారు. ఊరికే, మాట వరసకు, "ఏమీ చేయకుండా ఆగమన్నందుకు కూడా ఏమైనా ఇవ్వాలా?" అని అడిగాను.

"ఇవ్వండి" అన్నారు ఆయన.

500 పంపాను.